కుడి వంత

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు: భుజాన తంబుర, వేళ్లకు అందెలు, తలపాగాకు కుచ్చు, కాళ్లకు గజ్జెలు. అతనికి ఎడమవైపు హాస్యపు వంత, కుడివైపు రాజకీయపు వంత. ఇద్దరి చేతుల్లోనూ గుమ్మెటలు. కథకుడి పేరు కరపత్రంలో పెద్దచ్చులో పడేది. హాస్యగాడి మాటలు మర్నాడు నాట్లు వేసే ఆడవాళ్ల నోళ్లలో నలిగేవి. కుడి వంతను మాత్రం మునసబు, కరణం, పోలీసు గుర్తుపెట్టుకునేవాళ్లు. మా పెదనాన్న కుడి వంత.

మాది తెనాలి దగ్గర, కృష్ణా పడమటి కాలవల కింద ఒక పల్లె. నాకు ఊహ తెలిసేసరికి ప్రజానాట్యమండలి పెద్ద రోజులు అయిపోయాయి. అయినా సంక్రాంతికో, శ్రీరామనవమి పందిళ్లలోనో, మే డేకో పెదనాన్న ఇంకా గుమ్మెట పట్టేవాడు. నేను రాస్తున్నదాంట్లో సగం చూసింది, సగం ఆయన కాళ్లు పడుతూ విన్నది. ఆ రెండు సగాలూ ఎక్కడ అతుక్కున్నాయో ఇప్పుడు నాకే తెలియదు.

కుడి వంత పని ఏమిటో ఒక్క ఉదాహరణతో చెబుతాను. పలనాటి యుద్ధం కథ నడుస్తుంటుంది. బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టించి అన్ని కులాలవాళ్లనూ ఒకే బంతిలో కూర్చోబెట్టిన ఘట్టం. కథకుడు గొంతెత్తి పాడి, గజ్జె ఘల్లుమనిపించి ఆగేవాడు. తందానతాన అయ్యాక పెదనాన్న గుమ్మెట మీద ఒక దెబ్బ వేసి, తాపీగా అడిగేవాడు: "ఆగవయ్యా కథకుడా. బ్రహ్మనాయుడు ఎప్పటివాడు?" "ఎనిమిది వందల ఏళ్ల కిందటివాడు." "అప్పుడే అందరూ కలిసి తిన్నారా?" "తిన్నారు." "మరి ఈ ఊరి మంచినీళ్ల చెరువులో మాలపల్లె బిందె మునుగుతుందా, మునగదా? అది చెప్పి తర్వాత యుద్ధానికి పద." ముందు వరసలో మడతమంచం మీద కూర్చున్న పెద్దమనిషి సర్దుకునేవాడు. వెనక చీకట్లోంచి ఒక ఈల వినబడేది. ఎడమ వంత ఏదో కోతి మాట విసిరి ఆ బిగువు సడలించేవాడు. కథ మళ్లీ సాగేది.

ఆ ముగ్గురి అమరిక కమ్యూనిస్టులు కనిపెట్టింది కాదు. జంగాలు ఇంటింటికీ తిరిగి తంబుర మీద బాలనాగమ్మనూ, కాంభోజరాజునూ, దేశింగురాజునూ, బొబ్బిలి కథనూ చెప్పుకుని దోసెడు గింజలు పట్టుకుపోయే విద్య అది. దాన్ని 1940లలో తెనాలి, గుంటూరు, బెజవాడ ప్రాంతాల కుర్రాళ్లు ఎత్తుకున్నారు. 1943లో బొంబాయిలో ఇప్టా అనే జన నాటక సంఘం పుట్టింది. మన దగ్గర అది ప్రజానాట్యమండలి అయింది. దాన్ని నడిపినవాడు డాక్టరు గరికపాటి రాజారావు. వైద్యం చదివి నాటకాల జబ్బు తగిలించుకున్నవాడు అనేవాడు పెదనాన్న. బుర్రకథే కాదు, గొల్లసుద్దులు, వీధి భాగోతం, కోలాటం, పగటివేషాలు, పల్లెలో ఏ కళ కనబడితే దాన్నల్లా పట్టుకున్నారు. ఇక్కడ ఒక్కమాట అనకుండా ఉండలేను. ఎత్తుకున్న విద్యకు బదులుగా ఆ జంగాల కుటుంబాలకు ఏం దక్కిందో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పార్టీ చరిత్రలు చదివినా ఆ లెక్క కనబడదు.

ఇప్టా పుట్టిన ఆ ఏడే బెంగాలు కరువు. జనం కలకత్తా వీధుల్లో గంజి కోసం అడుక్కుంటూ పోయారు. చచ్చిపోయినవాళ్లు ముప్పై లక్షల దాకా ఉంటారని తర్వాత లెక్క తేల్చారు. ఎక్కడి బెంగాలు, ఎక్కడి గుంటూరు? ఆ దూరాన్ని చెరిపింది షేక్ నాజరు గొంతు. 1920లో గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టి, వీధి నాటకాల్లో ఆడవేషాలు కట్టి, సంగీతం నేర్చుకుని దళంలోకి వచ్చినవాడు. తన జీవితకథకు 'పింజారి' అనే పేరు పెట్టుకునే తెగువ ఉన్నవాడు. ఆయన బెంగాలు కరువు కథ చెప్పాడంటే ఆ రాత్రి వరికోతలు కోసి వచ్చినవాళ్లు కూడా లేచి వెళ్లేవాళ్లు కాదట. పెదనాన్న ఆయన పక్కన ఎప్పుడూ నిలబడలేదు. జనంలో కూర్చుని చూశాడు. "పాడటం నాలాంటోడు కూడా నేర్చుకోవచ్చురా. ఒక్క అడుగు వెనక్కేసి తల్లి అయిపోయేవాడు, ఇంకో అడుగు ముందుకేసి బ్రిటిషు దొర అయిపోయేవాడు. అది నేర్పితే వచ్చేది కాదు" అనేవాడు. కథ అయ్యాక జోలె పట్టుకుని జనంలోకి దిగితే అణాలు తక్కువ, బియ్యం ఎక్కువ పడేవట. కరువు కథ విన్నవాళ్లకు గింజే ఇవ్వాలనిపించడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇంతకీ దళం ఒక ఊళ్లో దిగడం ఎలా ఉండేదో చెప్పాలి. ఇప్పుడు ఎక్కడా లేనిది అదే.

మధ్యాహ్నానికి నడిచో, బండి మీదో వచ్చేవాళ్లు. కథకుడు ఏ పంచలోనో గొంతుకు విశ్రాంతినిస్తూ పడుకునేవాడు. బుగ్గన కరక్కాయ ముక్క ఉండేది, మాట్లాడిస్తే చేత్తో సైగ చేసేవాడు. ఎడమ వంత ఊరి కుర్రాళ్లతో చేరి ఎవరికి నత్తి, ఎవరికి ఇద్దరు పెళ్లాలు లాంటి ముడిసరుకు పోగేసేవాడు. కుడి వంతకు పడక ఉండేది కాదు. పెదనాన్న ముందు మంగలి దగ్గరికి పోయేవాడు, గడ్డం ఉన్నా లేకపోయినా. తర్వాత చాకిరేవు, రచ్చబండ, ఆఖరికి మాలపల్లె, మాదిగపల్లె. ఈ ఊళ్లో కూలి ఎంత? గింజలు కొలిచేదెవరు? పోరంబోకు ఎవరి దున్నకం కింద ఉంది? కాలవ నీళ్లు కింది చేలకు ఎందుకు రావడం లేదు? పొద్దుగూకేసరికి నాలుగైదు సంగతులు బొడ్డున పడేవి. ఏది ఎక్కడ దూర్చాలన్నది అప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకునేవాళ్లు.

ఒక ఊళ్లో కూలి గింజలు కొలిచే కుంచం వేరు, అప్పిచ్చిన గింజలు తిరిగి కొలుచుకునే కుంచం వేరు అని తెలిసిందట. ఆ రాత్రి బొబ్బిలి యుద్ధంలో తాండ్ర పాపారాయుడు కత్తి దూసే చోట పెదనాన్న అడ్డం పడి, "కత్తి సంగతి తర్వాత, ఈ ఊళ్లో రెండు కుంచాలున్నాయంట, ఏ కుంచంతో కొలవాలి పాపారాయుడి కోపం?" అన్నాడు. జనం నవ్వలేదు. అలా నవ్వకపోవడమే తనకు కావలసింది అని చెప్పేవాడు ఆయన. మర్నాడు కూలీలు కళ్లంలో ఆ రెండు కుంచాలనూ పక్కపక్కన పెట్టించారు. తగువు తీరడానికి ఇంకా చాలాకాలం పట్టింది, అది వేరే కథ.

దీపాలంటే పెళ్లిళ్లకు అద్దెకు తెచ్చే పెట్రోమాక్సు లైట్లు. పురుగులు మేంటిల్‌ను పొడిచి చంపేవి, అప్పుడు ఊరి కుర్రాళ్లు పరుగెత్తేవాళ్లు. మైకు లేదు. వెయ్యి మందికి వినబడాలంటే బొడ్డు దగ్గర్నుంచి రావాలి గొంతు. మంచు పడే రాత్రుల్లో గుమ్మెట చర్మం సడలిపోయేది. అందుకని వేదిక పక్కన వరిగడ్డి మంట వేసి వంతులవారీగా కాచుకునేవాళ్లు. పశువులకు మేత వేసి, అన్నాలు తిని, చాపలు చంకన పెట్టుకుని జనం వచ్చేసరికి తొమ్మిది. కథ ముగిసేసరికి ఒంటిగంట. కొన్ని ఊళ్లలో జనం కదలకపోతే రెండో కథ ఎత్తుకోవలసి వచ్చేది.

తిండి దగ్గరే అసలు తంటా. దళం వాళ్లు ఒక పూట ఊళ్లో తింటే ఒక పూట మాలపల్లెలో తినేవాళ్లు, అదీ అందరూ చూస్తుండగా. ఆ కబురు కథ కంటే ముందే ఊరంతా పాకేది. మా నాయనమ్మకు ఇది ఎప్పటికీ మింగుడు పడలేదు. పెదనాన్న ఇంటికొస్తే వసారాలోనే నిలబెట్టి, నెత్తిన చెంబెడు నీళ్లు పోశాకే లోపలికి రానిచ్చేది. ఆయనేమీ అనేవాడు కాదు. "మా అమ్మ కూడా కథ విని మారితే ఇక నాకు పనేముంది?" అని మా పెద్దమ్మతో అనేవాడట. పెద్దమ్మ మాత్రం నవ్వేది కాదు. జీతం లేని పనికి పోయిన మొగుడి ఇంటిని రెండు బర్రెల పాడి మీద ఈదినది ఆమె. ఈ ఉద్యమ జ్ఞాపకాలు రాసిన మగవాళ్లు సాధారణంగా పాడి బర్రెల గురించి రాయరు.

ఆడవాళ్లు వసారాల్లోనే ఉండిపోలేదు. మోటూరి ఉదయం ఆడవాళ్లతో బుర్రకథ దళం కట్టింది. తెలుగునాట అదే మొదటిది అంటారు. ఆ రోజుల్లో భుజాన తంబుర వేసుకుని, వందల మంది మగవాళ్ల ముందు ఆడపిల్ల అడుగులు వేస్తూ కథ చెప్పడమంటే ఎంత మాట పడాలో ఊహించుకోండి. కొండపల్లి కోటేశ్వరమ్మ కూడా ఆ కాలంలో పాటగత్తెగా వేదికలెక్కిన మనిషే. ఆమె తొంభై దాటిన వయసులో, 2012లో అచ్చయిన 'నిర్జన వారధి' చదివితే పాట వెనక ఎంత ఒంటరితనం ఉందో తెలుస్తుంది. మా పెదనాన్న తన అక్కసు దాచుకునేవాడు కాదు: "ఆడవాళ్ల దళం పక్క ఊళ్లో దిగిందంటే మా కథకు కుక్కలు కూడా వచ్చేవి కాదురా."

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మా భూమి' నాటకం రాశారు. నిజాము రాజ్యంలో దున్నేవాళ్ల పోరాటం దాని కథ. కోస్తాలో దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నాటకాన్ని అడ్డుకోవడానికి చట్టం వెతకనక్కర్లేదు. 1876లో తెల్లవాడు చేసిన నాటకాల చట్టం అలమరలో భద్రంగా ఉంది. దొర పోయినా చట్టం పనిచేసింది.

నిజాము సరిహద్దుకు అవతల పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ వేదిక కూడా లేదు. నల్లగొండ పల్లెల్లో సుద్దాల హనుమంతు లాంటివాళ్లు గొల్లసుద్దులూ, బుర్రకథలూ, యక్షగానం బాణీలూ పట్టుకుని గుంపుల మధ్యే నిలబడి పాడారు. 1946 జులై 4న కడవెండిలో రైతు పోరాటంలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక పాట అక్కడ దాదాపు ఆయుధంతో సమానమైంది. బండి యాదగిరి కట్టిన ఒక పాట మూడు దశాబ్దాలు నోటి మీదే బతికి, గౌతం ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలో గద్దరు గొంతులో అందరికీ తెలిసింది. పేరు ఒకటే గానీ ఆ సినిమాకూ మన నాటకానికీ సంబంధం లేదు. అది కిషన్ చందర్ ఉర్దూ నవల మీద తీసింది. చాలామంది కలిపేసి మాట్లాడతారు కాబట్టి చెబుతున్నాను.

1948 తర్వాత మా వైపు కూడా రోజులు చీకటయ్యాయి. దళాలు చెదిరిపోయాయి. కొందరు జైలుకు, కొందరు అజ్ఞాతానికి పోయారు. పెదనాన్న కొన్నాళ్లు తప్పించుకు తిరిగి దొరికిపోయాడు. పోలీసులు ఇల్లు సోదా చేస్తారని ముందే తెలిసి పెద్దమ్మ కథల నోటుబుక్కులను గాదెలో వడ్ల కింద పాతిపెట్టింది. గుమ్మెటను ఏం చెయ్యాలి? చర్మం ఊడదీసి, అడుగు కన్నానికి గుడ్డ కుక్కి, చింతపండు నింపి ఉట్టి మీద పెట్టింది. వచ్చినవాళ్లు ఇల్లంతా తిరగేసి, పోతూ పోతూ ఆ చింతపండులోంచి ఒక రెబ్బ తీసుకుని చప్పరించారట. ఇది చెప్పేటప్పుడు మాత్రం పెద్దమ్మ నవ్వేది.

జైలు నుంచి వచ్చేసరికి లోకం మారింది. పార్టీ మీద నిషేధం పోయింది, ఎన్నికలు వచ్చాయి. దళాలు ఓట్ల పనిలో పడ్డాయి. ఓటు అడగడానికి పోయిన దళం ఊరి పెద్దమనిషిని రెండు కుంచాల సంగతి ఎలా అడుగుతుంది? అతని చేతిలో రెండు వందల ఓట్లుండేవి. 1955 మధ్యంతర ఎన్నికల్లో ఆంధ్ర శాసనసభలోని 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు 15 దక్కాయి. ఆ దెబ్బకు దళాలను పోషించే ఓపిక పార్టీకి తగ్గింది. నా అనుమానం ఏమిటంటే, నిషేధం చెయ్యలేని పనిని ఎన్నికలు చేశాయి.

అప్పటికే చాలామంది మద్రాసు రైలెక్కారు. రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశాడు. జమున మొదటి సినిమా అదే. తాతినేని ప్రకాశరావు దర్శకుడయ్యాడు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య నటులయ్యారు. తిండి లేని విప్లవం ఎన్నాళ్లు చేస్తారు, వాళ్లను తప్పుపట్టేవాణ్ణి కాను. 1954లో 'అగ్గిరాముడు' వచ్చినప్పుడు అందులో నాజరు చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ కోసం జనం మళ్లీ మళ్లీ చూశారు. పెదనాన్న కూడా తెనాలిలో చూసి వచ్చి, "బాగుంది. కానీ టూరింగు టాకీసులో మధ్యలో లేచి మాట్లాడితే గేటువాడు బయటికి నెడతాడు" అన్నాడు. సినిమాలో వంతలు ఉన్నారు, గుమ్మెటలు ఉన్నాయి, తందానతాన ఉంది. ఏ ఊరి సంగతీ లేదు, ఉండే వీలూ లేదు. రేడియోలోనూ అంతే. స్క్రిప్టు ముందే పంపాలి, దాన్ని చదివిన తర్వాతే గొంతు ఎత్తాలి.

1964లో పార్టీ రెండుగా చీలింది. మా పెదనాన్న దళంలో ఉన్నదే ముగ్గురు. కథకుడు ఒక పార్టీకి పోయాడు, పెదనాన్న రెండో పార్టీకి పోయాడు. ఎడమ వంత, "మీరిద్దరూ తేల్చుకున్నాక నన్ను పిలవండి" అని చెప్పి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. వాళ్లు తేల్చుకోలేదు. అయినా అమావాస్యకో పున్నానికో ఒక పందిరి పిలుపు వస్తే మళ్లీ ముగ్గురూ కలిసేవాళ్లు. అప్పుడు కథ భక్త ప్రహ్లాద.

ఆ తర్వాత వచ్చింది ప్రభుత్వ ప్రచారం. కుటుంబ నియంత్రణ, ఎరువులు, చిన్న మొత్తాల పొదుపు, అన్నిటికీ బుర్రకథే. ఎర్ర త్రికోణం కట్టిన వేదిక, జీపులో తెచ్చిన మైకు, దళానికి ఇంత అని రొక్కం. పెదనాన్నను కూడా ఒకసారి తీసుకెళ్లారు. టైపు చేసిన కాగితాలు చేతికిచ్చి ఇందులో ఉన్నదే చెప్పాలి అన్నారు. కుడి వంతకు అందులో ఉన్న మాటలు: "ఔను నిజమే", "భలే చెప్పావు", "అలాగే చేద్దాం". ఆయన మూడు పేజీల దాకా ఓర్చుకున్నాడు. నాలుగో పేజీలో గుమ్మెట మీద దెబ్బ వేసి, "ఆపరేషను చేయించుకున్నవాడికి ఇచ్చే డబ్బులు చేతికి ఎంత చేరుతున్నాయి, మధ్యలో ఎంత ఆగుతున్నాయి?" అని అడిగేశాడు. జనం చాలాకాలం తర్వాత ఈల వేశారు. ఆయన్ను మళ్లీ పిలవలేదు. రొక్కం కూడా రాలేదు.

నా లెక్కలో కుడి వంత జీవన విధానం పోయింది అక్కడ. బుర్రకథ చచ్చిపోయిందని నేననను. ప్రజానాట్యమండలి పేరుతో దళాలు నేటికీ ఉన్నాయి. 1972లో జననాట్యమండలి వచ్చి, గోచీ గొంగడితో గద్దరు నిలబడితే ఇంతకుముందు ఎన్నడూ చూడనంత జనం వచ్చారు. కళాశాలల్లో పోటీలు పెడుతున్నారు, పిల్లలు తలపాగా చక్కగా చుట్టుకుని వస్తున్నారు. కుడి వైపు నిలబడ్డ పిల్ల "ఔరా" అని చక్కగా తల ఊపుతోంది. ఆ పిల్ల తప్పేముంది? మధ్యాహ్నం మంగలి దగ్గర కూర్చుని ఊరి సంగతులు అడిగే మనిషి, ఆ మనిషికి అన్నం పెట్టి, లైటు తెచ్చి, పోలీసు వస్తే దాచే ఊరు, ఈ రెండూ లేనిదే కుడి వంత లేడు.

1986లో నాజరుకు పద్మశ్రీ ఇచ్చారు. పేపరు నేనే చదివి వినిపించాను. పెదనాన్న సంతోషపడ్డాడు, కాసేపాగి, "వంతలకు కూడా ఇచ్చారా?" అని అడిగాడు. లేదన్నాను. "ఊళ్లో నోరు పారేసుకున్నోళ్లకు బిరుదులెవరిస్తారులే" అని నవ్వాడు. నాజరు 1997లో పోయాడు. పెదనాన్న అంతకుముందే వెళ్లిపోయాడు.

గాదెలోంచి బయటపడ్డ నోటుబుక్కులు నా దగ్గర ఉన్నాయి. దరువులున్నాయి, రగడలున్నాయి, కథకుడి వచనం ఉంది. కుడి వంత మాట రావలసిన చోట ఒక గీత, పక్కన "ఊరి సంగతి" అని ఉంది, అంతే. అచ్చయిన బుర్రకథ పుస్తకాల్లోనూ అంతకంటే ఎక్కువ దొరకలేదు. ఆ మాటలు రాసి పెట్టుకునేవి కావు, ఏ ఊరివి ఆ ఊరివే. కాబట్టి గుంటూరు, కృష్ణా, ఖమ్మం, నల్లగొండ జిల్లాల పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఒక విన్నపం. ఆ కథలను చాప మీద కూర్చుని విన్న పిల్లలు ఇప్పుడు ఎనభై దాటిన తాతలూ అమ్మమ్మలూ. పద్యం గుర్తుందా, పాట గుర్తుందా అని అడగకండి, అవి పుస్తకాల్లో ఉన్నాయి. "ఆ రాత్రి కుడి పక్కన నిలబడ్డాయన మన ఊరి గురించి ఏమన్నాడు?" అని అడగండి. ఏ ఊరో, ఇంచుమించు ఏ ఏడో, ఎవరి తగువో కలిపి ఫోనులో రికార్డు చెయ్యండి. ఈ సంక్రాంతికే చెయ్యండి.